పరులకొరకు పూటపడిన రాజులు

1914 – 1918 మహాయుద్ధము పుట్టిన విధము, నడచిన విధము



పరునికొరకు పూటపడువానికి సామెతల గ్రంథమునందు చేయబడిన హెచ్చరికను మీరు దేవాలయములో వినియే యుందురు. ఒకడు అప్పు చేయును. వేరొకడు వానికి జామీను నిలుచును. అప్పు చేసినవాడు చేతులెత్తినప్పుడు జామీను నిలిచినవాని పాడియావును, వాని యిల్లాలి చెవుల కమ్మలును వేలమునకు వచ్చును. తోటల లైనుయిండ్లలో పెరిగిన మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. తాము చదువనేరని పత్రము క్రింద బొటనవ్రేలి ముద్ర వేసి సముద్రము దాటిన పెద్దలు మన వంశములలో అనేకులు గలరు.

మనుష్యులవలెనే రాజ్యములును ఒకదానికొకటి పూటపడుట కలదు. 1914వ సంవత్సరమున యూరోపు ఖండమునందు పుట్టి నాలుగు సంవత్సరములకు పైగా మండిన మహాయుద్ధము అట్టి పూటలవలననే అంత వేగముగ అంత దూరము వ్యాపించెను. ఎక్కడనో ఒక యువరాజు చంపబడినందుకు లోకమంతయు ఎందుకు కొట్లాడవలెనని మన పిల్లలు పాఠశాలనుండి వచ్చి అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనది. పెద్దలు ఇంటియొద్ద వారికి చెప్పుటకు వీలగునట్లు ఆ చరిత్రమును ఇచ్చట క్రమముగా వ్రాయుచున్నాము.

రెండు కూటములు

1871వ సంవత్సరమున జర్మను సంస్థానములు ఏకమై ఒక సామ్రాజ్యమాయెను. ఆ యేటనే జర్మనులు ఫ్రాంసువారిని ఓడించి, అల్సేసు సీమను, లొరేను సీమలో కొంతభాగమును వారియొద్దనుండి తీసికొనిరి. ఫ్రాంసువారు ఆ నష్టమును మరువలేదు. వారి పగకు వెరచి, ఒంటరిగా నుండుట క్షేమము కాదని యెంచి, జర్మనీ ప్రధానమంత్రియగు బిస్మార్కు 1879లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యముతో ఒడంబడిక చేసికొనెను. 1882లో ఇటలీ రాజ్యము వారితో కలిసెను. ఇది మొదటి కూటము.

దీనికి ప్రతిగా 1894లో ఫ్రాంసును రష్యాయును ఒకరికొకరు సాయపడునట్లు ప్రమాణము చేసికొనెను. ఇంగ్లండు చాలకాలము ఎవరితోను చేరక దూరముగ నుండి, తుదకు 1904లో ఫ్రాంసుతోను, 1907లో రష్యాతోను పాత తగవులు తీర్చుకొనెను. ఈ రెండును యుద్ధమున సాయపడుదుమను ప్రమాణములు కావు. అయినను ఇంగ్లండు సేనాధికారులును ఫ్రాంసు సేనాధికారులును 1906 మొదలుకొని రహస్యముగ కూడి, యుద్ధము వచ్చినచో దండును ఎచ్చట దింపవలెనో, ఎన్ని రైళ్ళు కావలెనో లెక్కలు వ్రాసికొనుచుండిరి. ఈ మాటలు చాలకాలము పార్లమెంటువారికి తెలియనేలేదు. కూటముల పత్రములలోని షరతులును అట్లే ప్రజలకు మరుగుచేయబడి యుండెను. పన్ను కట్టువాడును, తుపాకి పట్టువాడును తమ పేరిట ఏమి వ్రాయబడెనో ఎరుగరు.

ఈ కట్టెలమోపుపై నూనె పోసిన కారణములు మరికొన్ని గలవు. 1906లో ఇంగ్లండువారు డ్రెడ్‌నాటు అను గొప్ప యుద్ధనౌకను నీటిలో దింపగా, జర్మనీవారు అట్టివానినే కట్టసాగిరి. ఒకరు ఒక ఓడ కట్టిన మరియొకరు రెండు కట్టవలెనని పంతమాయెను. ఆఫ్రికాలోని మొరాకో దేశముకొరకు 1905లోను 1911లోను ఫ్రాంసు జర్మనీలు తగవులాడెను. ఆగ్నేయ యూరోపున తురుష్క సామ్రాజ్యము క్షీణించుచుండగా, ఆ భూములకై ఆస్ట్రియాయు రష్యాయు కాచుకొని యుండెను. 1908లో ఆస్ట్రియా బోస్నియా దేశమును తనలో కలుపుకొనెను. అచ్చట సెర్బులనేకులు నివసించుచుండుటచేత పొరుగుననున్న సెర్బియా రాజ్యము మిక్కిలి కోపించెను. సెర్బులు స్లావు జాతివారు గనుక రష్యా వారికి పెద్దదిక్కుగా నిలిచెను.

ముప్పదియేడు దినములు

1914 జూన్ 28వ తేది ఆదివారమున బోస్నియా రాజధానియైన సారాయెవో పట్టణములో ఆస్ట్రియా యువరాజగు ఫ్రాంజ్ ఫెర్డినాండును, ఆయన భార్యయగు సోఫీయును కాల్చి చంపబడిరి. కాల్చినవాడు గావ్రిలో ప్రిన్సిప్ అను 19 యేండ్ల బోస్నియా సెర్బు యువకుడు. వానికిని వాని తోడివారికిని ఆయుధములు సెర్బియానుండి వచ్చెను. ఆస్ట్రియా ప్రభుత్వమువారు సెర్బియాను శిక్షింప నిశ్చయించిరి. కాని రష్యా అడ్డుపడునేమోయని శంకించి, ముందుగా జర్మనీ చక్రవర్తియగు విల్హెల్ము ఆలోచన నడిగిరి.

జూలై 5వ తేదిని విల్హెల్ము చక్రవర్తి, ఆస్ట్రియా ఏమి చేసినను జర్మనీ దానికి తోడ్పడునని మాట యిచ్చెను. ఎంతవరకని అడుగలేదు, హద్దు పెట్టలేదు. చరిత్రకారులు దీనిని మొత్తము వ్రాయని చెక్కుతో పోల్చుదురు. మన భాషలో చెప్పవలెనన్న, వ్రాతలేని కాగితముపై వేసిన వ్రాలు. పిమ్మట ఆయన నౌకావిహారమునకు పోయెను.

జూలై 23వ తేదిని ఆస్ట్రియా సెర్బియాకు కఠినమైన కోరికలపట్టీ పంపి, 48 గంటలలో ఉత్తరమీయవలెనని గడువు పెట్టెను. సెర్బియా దాదాపు అన్నిటికి ఒప్పుకొని, కొన్నిటికి మాత్రము అభ్యంతరము చెప్పెను. ఆ జవాబును జూలై 28వ తేది ఉదయమున చదివిన విల్హెల్ము చక్రవర్తి, ఇక యుద్ధమునకు కారణము లేదని తన మంత్రులకు వ్రాసెను. అప్పటికి ఆలస్యమాయెను. ఆ దినముననే ఆస్ట్రియా యుద్ధము ప్రకటించెను.

తరువాత ఒక్కొక్క పూట క్రమముగా వసూలునకు వచ్చెను. జూలై 30వ తేదిని రష్యా చక్రవర్తి నికొలాసు తన సర్వసైన్యమును సమకూర్ప నాజ్ఞ యిచ్చెను. ఆగస్టు 1న జర్మనీ రష్యాపైనను, 3వ తేదిని ఫ్రాంసుపైనను యుద్ధము ప్రకటించెను. ఆగస్టు 4న జర్మను దండులు ఫ్రాంసునకు దగ్గరి త్రోవయని చిన్నదగు బెల్జియము దేశములో ప్రవేశించెను. బెల్జియమునకు ఎవరును హాని చేయరాదని 1839లో లండనునందు గొప్ప రాజ్యములన్నియు వ్రాలు చేసిన ఒడంబడిక యొకటి గలదు. జర్మనీకి పూర్వపు రాజ్యమైన ప్రష్యాయు దానిలో వ్రాలు చేసెను. కేవలము ఒక కాగితపుముక్క కొరకు ఇంగ్లండు యుద్ధమునకు దిగునాయని జర్మనీ ప్రధానమంత్రి ఆంగ్ల రాయబారితో ననెనట. ఆ రాత్రియే ఇంగ్లండు యుద్ధములో దిగెను.

సారాయెవో హత్యకు ముప్పదియేడవ దినమున ఐదు గొప్ప రాజ్యములు పోరున నుండెను. వీరిలో విల్హెల్ము చక్రవర్తియు ఇంగ్లండు రాజగు ఐదవ జార్జియు ఒక్క మాతామహి పితామహియగు విక్టోరియా రాణికి మనుమలు. జార్జి తల్లియు నికొలాసు తల్లియు అక్కచెల్లెండ్రు. చుట్టరికము యుద్ధము నాపలేదు. ఇటలీ మాత్రము, తన ఒడంబడిక పరులపై దండెత్తుటకు కాదని చెప్పి తొలుత తటస్థముగ నుండి, 1915లో రహస్యపు ఒప్పందముచేత ఎదుటిపక్షమున చేరెను. తురుష్కులు 1914 తుదిని జర్మనీ పక్షమునను, అమెరికావారు 1917 ఏప్రిల్‌లో ఇంగ్లండు ఫ్రాంసుల పక్షమునను చేరిరి.

రైళ్ళును కందకములును

పూర్వకాలపు రాజులు సేనను నడిపించి, నడుమ ఆపి, సంధి మాటలాడగలిగిరి. ఈ యుద్ధమున అది సాధ్యము కాకపోయెను. లక్షలకొలది సైనికులను సరిహద్దునకు చేర్చుటకు ప్రతి రైలునకును గంట, నిమిషము ముందుగనే నిర్ణయింపబడి యుండెను. ఆగస్టు 1వ తేదిని విల్హెల్ము చక్రవర్తి, ఫ్రాంసును విడిచి సేననంతయు రష్యావైపు త్రిప్పవలెనని కోరగా, ఏండ్ల తరబడి వ్రాసిన ఏర్పాటును ఒక్క రాత్రిలో మార్చుట అసాధ్యమని సేనాధిపతి మోల్ట్కె చెప్పెను. చక్రవర్తి యంతటివాడును తన రైళ్ళ పట్టీకి లోబడవలసివచ్చెను.

ఆరు వారములలో ఫ్రాంసును గెలిచి, పిమ్మట రష్యాపైకి మరలవలెనని జర్మనుల యెత్తు. 1914 సెప్టెంబరులో పారిసు నగరమునకు సమీపముననున్న మార్న్ నదియొద్ద వారు అడ్డగింపబడిరి. అటుపై ఇరుపక్షములవారును భూమిని త్రవ్వి కందకములలో దాగిరి. స్విట్జర్లాండు సరిహద్దునుండి ఉత్తర సముద్రమువరకు దాదాపు 700 కిలోమీటర్ల పొడవున ఆ కందకములు వ్యాపించెను. వాని ముందర ముళ్ళతీగె కంచెలు. కంచెల వెనుక నిమిషమునకు 500 గుండ్లు వెడలగ్రక్కు మరతుపాకులు. దాడిచేయువాడు బయలున పరుగెత్తవలెను. కాచుకొనువాడు గోతిలో కూర్చుండి కాల్చవచ్చును. కనుక మూడు సంవత్సరములకు పైగా ఎవరును ఎక్కువ దూరము సాగలేకపోయిరి.

1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్రు పట్టణముచెంత జర్మనులు క్లోరిను అను విషవాయువును విడిచిరి. తరువాత ఇరుపక్షములును దానినే అవలంబించెను. 1916 ఫిబ్రవరి మొదలు డిసెంబరువరకు వెర్డనుయొద్ద జరిగిన పోరులో ఇరువైపుల కలిసి సుమారు 3 లక్షలమంది మరణించిరి. ఆ యేటనే జూలై 1న సోమ్ నదియొద్ద ఆంగ్లసేన దాడిచేయగా, ఆ ఒక్క దినమున 57,470 మంది గాయపడుటయో చచ్చుటయో పట్టువడుటయో తటస్థించెను. అందు 19,240 మంది మరణించిరి. నాలుగున్నర మాసములు పోరాడి వారు ముందునకు జరిగినది సుమారు పది కిలోమీటర్లు.

సముద్రముపైనను ఆకలియే ఆయుధమాయెను. ఇంగ్లండు నౌకలు జర్మనీకి ధాన్యము చేరకుండ త్రోవలను కట్టివైచెను. 1916 – 17 శీతకాలమున జర్మనీ ప్రజలు పశువులకు వేయు ముల్లంగివంటి దుంపలు తిని ప్రాణములు నిలుపుకొనిరి. జర్మనులు సబ్మరైనులను, అనగా నీటిలోపల పోవు ఓడలను పంపి వర్తకనౌకలను ముంచిరి. 1915 మే 7న లూసిటేనియా అను ప్రయాణికుల స్టీమరును ముంచినప్పుడు స్త్రీలు, పసిబిడ్డలు సహా దాదాపు 1,200 మంది మునిగిరి.

ఈ చీకటిలో ఒక్క సంగతి మనము పిల్లలకు తప్పక చెప్పవలెను. 1914 డిసెంబరులో పోపు పదునైదవ బెనెడిక్టుగారు క్రిస్మసు దినములకైన యుద్ధమాపుడని వేడుకొనగా ప్రభుత్వములు ఒప్పుకొనలేదు. అయినను క్రిస్మసు దినమున అనేక తావులలో ఆంగ్ల సైనికులును జర్మను సైనికులును కందకములనుండి వెలుపలికి వచ్చి, కరచాలనము చేసి, పొగాకును తినుబండారములను ఇచ్చి పుచ్చుకొని, కలిసి తమ చచ్చినవారిని పాతిపెట్టిరి. ఎవరును వారి కాజ్ఞ యీయలేదు. మరుసటి సంవత్సరము అట్లు జరుగకుండ అధికారులు గట్టి యుత్తరువులు చేసిరి.

మన తీరములకు వచ్చిన యుద్ధము

ఈ యుద్ధము తెల్లవారి దేశములలో మాత్రమే జరిగెనని తలంపరాదు. ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక 1914 సెప్టెంబరు 22 రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి, రేవుచెంతనున్న కిరసనాయిలు తొట్లను తగులబెట్టెను. పట్టణవాసులు వేలకొలదిగ ఊరు విడిచిపోయిరి. ఆ నౌకయే అక్టోబరు 28 తెల్లవారుజామున లేని పొగగొట్టమొకటి బొంకుగా నిలుపుకొని, ఆంగ్లనౌకవలె కనబడి పినాంగు రేవులో చొచ్చి, ఝెమ్చుగ్ అను రష్యా నౌకను ముంచెను. అందలి నావికులలో 80 మందికి పైగా చనిపోయిరి. వెలుపలికి పోవుచు మూస్కె అను ఫ్రెంచి నౌకను గూడ ముంచెను. నవంబరు 9న కోకోసు దీవులయొద్ద ఆస్ట్రేలియావారి సిడ్నీ నౌక ఎమ్డెన్‌ను పాడుచేసెను.

హిందూదేశమునుండి 10 లక్షలకు పైగా మనుష్యులు సముద్రము దాటి ఫ్రాంసు, మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికా, పాలస్తీనా, గలిపోలి భూములకు పోయిరి. వారిలో 70,000 మందికి పైగా మరణించిరి. హిందూదేశమును యుద్ధములో చేర్చునపుడు హిందూ ప్రజల ననుమతి అడిగినవారు లేరు. ఇంగ్లండు ప్రకటనతోనే అదియును చేరెను. అందరును తుపాకి పట్టినవారు కారు. వంటవారు, కంచరగాడిదలను తోలువారు, రోగులను డోలీలలో మోయువారు, రేవుకూలీలు వేలకొలదిగ నుండిరి. ఫ్రాంసునకు చీనాదేశమునుండి సుమారు 1,40,000 మంది కూలీలు తేబడి, కందకములు త్రవ్వి, ఓడల సరకు దింపిరి. తూర్పు ఆఫ్రికాలో సేనల మూటలు మోసిన ఆఫ్రికా కూలీలు పదులవేలమంది జ్వరములచేతను ఆకలిచేతను మరణించిరి. వారి సమాధులపై పేరులును లేవు.

యంత్రముల యుద్ధమునకు ముడిసరకు కావలెను. లారీల చక్రములకు మలయా తోటల రబ్బరు పోయెను. కందకముల గట్లకు పేర్చిన ఇసుకసంచులకు వంగదేశపు జనపనార పోయెను. తోటలో చెట్టు గీయు చేతికి ఆ పాలు ఎచ్చటికి పోవునో తెలియదు. యుద్ధము తీరినపిమ్మట 1919 – 20లో మలయాయందు బియ్యము దొరకక, వెల మండి, కూలికుటుంబములు మిక్కిలి బాధపడెను.

క్రైస్తవ సంఘమునకును ఈ యుద్ధము గాయము చేసెను. నెల్లూరు జిల్లా దక్షిణభాగమునను పరిసర ప్రాంతములలోను హెర్మన్స్‌బర్గు మిషనువారును, సాలూరు, పార్వతీపురము ప్రాంతములలో బ్రెక్లమ్ మిషనువారును తెలుగువారి మధ్య ఏండ్ల తరబడి సువార్తపని చేయుచుండిరి. వారు జర్మనులు. యుద్ధము రాగానే శత్రుదేశస్థులని నిర్బంధింపబడి, పిమ్మట తమ దేశమునకు పంపబడిరి. బడులును సంఘములును కాపరి లేనివాయెను. అమెరికాదేశపు లూథరను సంఘములవారు ఆ పనిని చేపట్టిరి. ఒకే రక్షకుని పేరిట బాప్తిస్మము పొందిన జనములు ఒకరినొకరు చంపుకొనుటను చూచి, మనవారు అడిగిన ప్రశ్నలకు మిషనరీలయొద్ద సులభమైన ఉత్తరము లేకపోయెను.

ఋణము ఎవరు చెల్లించిరి?

1917లో రష్యా ప్రజలు ఆకలికి తాళలేక తిరుగబడిరి. నికొలాసు సింహాసనము విడిచెను. 1918 జూలైలో కుటుంబముతో కూడ చంపబడెను. 1918 మార్చిలో జర్మనులు పడమట చివరి గొప్ప దాడి చేసిరి. అమెరికా సైన్యములు వేలకొలదిగ దిగుచుండగా ఆ దాడి విరిగెను. విల్హెల్ము హాలండునకు పారిపోయెను. 1918 నవంబరు 11న, ఫ్రాంసులోని కాంపియేను అడవిలో ఒక రైలుపెట్టెయందు వ్రాలు చేయబడిన ఒప్పందము ప్రకారము, పగలు 11 గంటలకు తుపాకులు నిలిచెను.

అప్పటికి సుమారు 90 లక్షలమంది సైనికులు మరణించి యుండిరి. ఆ తుదినాళ్ళలో సైన్యముల రాకపోకలతో లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము హిందూదేశములోనే కోటిమందికి పైగా బలిగొనెను. జర్మను, ఆస్ట్రియా, రష్యా, తురుష్క సామ్రాజ్యములు నాలుగును కూలెను. వ్రాతలేని కాగితమునకు వ్రాలు చేసిన విల్హెల్ము మాత్రము హాలండులోని డోర్ను గ్రామమున తోటపని చేసికొనుచు, కట్టెలు కొట్టుకొనుచు 1941వరకు జీవించెను.

1919 జూన్ 28న, సారాయెవో హత్యకు సరిగా ఐదేండ్లకు, వెర్సైల్సునందు సంధిపత్రము వ్రాయబడెను. దోషము జర్మనీదియేయని అందు వ్రాయించిరి. ఎవరి దోషమెంతయని పండితులు నేటికిని వాదించుచున్నారు. కాని ఒక్కరిదే కాదని పలువురి మతము. ఆ సంధివలన పుట్టిన పగను పెంచుకొని జర్మనీలో లేచిన హిట్లరు 1939లో రెండవ మహాయుద్ధమునకు కారకుడాయెను. ఆసియాలో జపానువారి దురాశ దానితో కలిసెను. 1942 – 43లో జపానువారు మలయా తోటలనుండి తమిళ, తెలుగు కూలీలను కొనిపోయి, సయాము – బర్మా రైలుదారి వేయించిన సంగతి మన కుటుంబములకు వేరుగ చెప్పనేల? తిరిగి రానివారి పేరులు ఇంటింట గలవు.

మనము నేర్వవలసినది

మాట యిచ్చుటయే తప్పని ఈ చరిత్రమునుండి ఎవరును నేర్వరాదు. బెల్జియమువంటి బలహీనుని కాపాడుదుమని పదుగురి యెదుట, హద్దు తెలిపి, వ్రాసియిచ్చిన మాట యొకటి. నీవేమి చేసినను నేను వెంట నుందునని కోపసమయమున చాటుగ ఇచ్చిన మాట మరియొకటి. మొదటిది నీతి. రెండవది మన బుద్ధిని ఇతరుని కోపమునకు తాకట్టుపెట్టుట. 1914లో రాజులును మంత్రులును ఈ రెండింటి భేదమును మరచిరి. తమ మాటకు తామే బానిసలై, తమ ఋణమును పొలములలోను గనులలోను తోటలలోను పనిచేయువారి బిడ్డలచేత చెల్లింపించిరి.

మన లైనులలోను ఇట్టి కూటములు పుట్టుచునే యుండును. నీళ్ళ కుళాయియొద్ద ఇద్దరు స్త్రీలు మాటాడుకొనిన మాటకు సాయంకాలమునకు వారి భర్తలు, మరునాటికి బావమరదులు, వారము తిరుగునప్పటికి పై లైను, క్రింది లైను రెండు పక్షములగుట మనమెరుగని విషయమా? ఎవరైనను వచ్చి, అన్నా, నీవు మా పక్షమున నుందువని మాట యిమ్మని అడిగినప్పుడు, ఏ కార్యమునకు, ఎంతవరకు అని అడుగుడు. చెప్పనియెడల మాట యీయకుడు. సంఘపెద్దలు తగవు మొదటి దినముననే కూర్చుండి ఇరువురి మాటను వినవలెను. ఏలయనగా సెర్బియా జవాబును చదువుటకు తీరిక చేసికొనని మూడు దినములలోనే కార్యము చేయి దాటిపోయెను. ఏ కాగితముపైనను, అది జీతపు పత్రమైనను అప్పు పత్రమైనను, చదివించుకొననిదే వ్రాలు చేయకుడు. మీ బిడ్డలను బడికి పంపుడు. వారు మీకు చదివి వినిపింతురు.

యుద్ధములయందు మరణించిన సకల జనములను, పేరు లేని సమాధులలోనున్న కూలీలను, సయాము అడవులలో పడిపోయిన మనవారిని ఈ ఆదివారపు ఆరాధనలో జ్ఞాపకము చేసికొందము. సమాధానకర్తయగు దేవుడు మన యిండ్లకును సర్వలోకమునకును శాంతిని దయచేయునుగాక.